ఆదాయం సగమైంది, దవడ పన్ను పీకించుకోవాలా?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం సారాంశం ఇది. ఆమె వయసు 43. ఆర్డర్లు తగ్గిపోయి సిబ్బందిని తొలగించిన సంస్థలో భర్త ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలుగా ఆయన వెతుకులాటలోనే ఉన్నారు. ఆమె ఉద్యోగం నిలిచింది కానీ జీతంలో కోత పడింది. వెరసి ఇంటి ఆదాయం సగానికి దిగింది. ఆ సమయంలోనే ఆమె కింది దవడలో ఎడమవైపు మొదటి దవడ పన్నుకు రూట్ కెనాల్ మొదలైంది. డాక్టరు నరం తీసి, మందు పెట్టి, తాత్కాలిక సిమెంటుతో మూసి, రెండు వారాల్లో మళ్లీ రమ్మన్నారు. నొప్పి పోయింది, ఖర్చు మిగిలి ఉంది, ఆమె వెళ్లలేదు. ఇప్పటికి ఐదు నెలలైంది. కొన్నాళ్లుగా ఆ వైపు నమిలితే సలుపుతోంది. చాలా రాత్రులు మాత్ర వేసుకుని పడుకుంటున్నారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పదమూడేళ్ల కూతురికి ఈ ఏడాది క్లిప్పులు వేయిస్తామని ఎప్పుడో మాట ఇచ్చారు. అత్తగారి కింది కట్టుడు పళ్లు వదులై, తింటున్నప్పుడు లేచిపోతున్నాయి. భర్త నిద్రలో పళ్లు కొరకడం మొదలుపెట్టారు. ముందు పన్ను అంచు విరిగింది, ఇంటర్వ్యూలకు వెళ్లే ముందు దాన్ని సరిచేయించుకోవాలని ఆయన పట్టు. అన్నిటికీ కలిపి ఈఎంఐ మీద చేయిద్దామని ఆయన అంటారు. ఆమె ఆలోచన వేరు. ఆరునెలల చెకప్పులన్నీ మానేసి, భర్త పన్ను పక్కన పెట్టి, తన పన్ను పీకించేసుకుని, మిగిలిన డబ్బుతో పాపకు క్లిప్పులు వేయించాలి. "వెనక పన్ను, ఎవరికీ కనపడదు. ఇలాంటి రోజుల్లో పంటికి ఖర్చు పెట్టడమే విలాసంలా ఉంది. పీకించుకోవడం తప్పంటారా? అప్పు చేయడం తప్పంటారా?" అని అడిగారు.

మీ రెండు ప్రశ్నలకూ ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు, కానీ అది మీకు పనికిరాదు. ముందు ఆ 'విలాసం' అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. పంటి వైద్యం ఖర్చు చాలా దేశాల్లో బీమా పరిధిలోకి రాదు, వచ్చినా కొద్దిగానే వస్తుంది. మిగిలిన వైద్యంతో పోలిస్తే ఇక్కడ సొంత జేబు మీద పడే వాటా ఎక్కువ. పైగా పంటి నొప్పి వస్తుంది, పోతుంది. పోయిన రోజున జబ్బే పోయిందనిపిస్తుంది. అందువల్ల ఆదాయం తగ్గిన ఇంట్లో మొదట వాయిదా పడే వైద్యం ఇదే కావడంలో ఆశ్చర్యం లేదు. ఇళ్లే కాదు, ప్రభుత్వాలూ ఇలాగే చేస్తాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బడ్జెట్ లోటులో పడిన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, పేదల ఆరోగ్య పథకంలో పెద్దవాళ్లకు అందే దంతవైద్యంలో చాలా భాగాన్ని 2009 జులైలో నిలిపివేసింది. ఆ తర్వాత పంటి బాధతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చే పెద్దవాళ్ల సంఖ్య పెరిగినట్లు పరిశోధకులు గుర్తించారు. అత్యవసర విభాగంలో సాధారణంగా దొరికేది నొప్పి మాత్ర, యాంటీబయాటిక్. పన్ను మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. 2014లో ఆ సేవల్లో కొన్నిటిని ఆ రాష్ట్రం తిరిగి తెచ్చింది. కోత వేసిన చోట ఖర్చు తగ్గింది, కానీ మరో తలుపు గుండా లోపలికి వచ్చింది.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు కనిపించిన చిక్కు ఇదే. 'పంటి ఖర్చు' అని మీరు ఒకే మూటగా కట్టిన దానిలో రెండు రకాల ఖర్చులున్నాయి. కొన్ని ఏడాది ఆగినా అంతే ఉంటాయి. కొన్ని ఆగిన కొద్దీ పెరుగుతాయి, లేదా చికిత్స చేసే అవకాశాన్నే మింగేస్తాయి. మీరు ఈ తేడాను బట్టి వరుస వేయలేదు. ఎవరికి మాట ఇచ్చాం, ఎవరు అడుగుతున్నారు, ఎవరు ఓర్చుకోగలరు అన్నదాన్ని బట్టి వేశారు. ఓర్చుకోగలిగిన మనిషి మీరే కాబట్టి మీ పన్ను అట్టడుగుకు చేరింది. నా లెక్కలో అది మొదటిది.

ఎందుకో వివరిస్తాను. నరం తీసేశాక పంటిలో నొప్పి తెలియదు కనుక, చికిత్స అయిపోయినట్లే అనిపిస్తుంది. నిజానికి అప్పటికి సగమే అయింది. వేళ్లలోని కాలువలను శుభ్రం చేసి, పూర్తిగా నింపి, పైన గట్టి ఫిల్లింగుతో మూస్తేనే సూక్ష్మజీవులు మళ్లీ లోపలికి పోకుండా ఉంటాయి. తాత్కాలిక సిమెంటు కొద్ది వారాల కోసం తయారైన పదార్థం. నెలలు గడిస్తే అరుగుతుంది, అంచుల వెంట లాలాజలం ఇంకుతుంది. ఇప్పుడు నమిలినప్పుడు మీకు తెలుస్తున్న సలుపు పంటిది కాకపోవచ్చు, వేరు కొన చుట్టూ ఉన్న ఎముకలో మళ్లీ మొదలైన ఇన్ఫెక్షన్‌ది కావచ్చు. లేదా బలం తగ్గిన పన్ను చీలి ఉండవచ్చు. ఈ రెండిటిలో ఏదన్నది ఎక్స్‌రే తీసి, పన్ను చూసిన డాక్టరే చెప్పాలి. నేను చూడకుండా చెప్పలేను. కానీ మీ నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది. చీలిక వేరు దాకా దిగి ఉంటే పీకించడమే దారి, అప్పుడు మీరు దేన్నీ త్యాగం చేసినట్లు కాదు. చీలిక లేకపోతే చికిత్స పూర్తి చేసే అవకాశం ఇంకా ఉంది, ఆలస్యమైతే అది ఉండకపోవచ్చు. కాబట్టి క్లిప్పులా, పన్నా అన్న తర్జనభర్జనకు ముందు ఒక పరీక్ష, ఒక ఎక్స్‌రే. ఈ కాస్త ఖర్చులో మాత్రం కోత వేయకండి.

పన్ను నిలుస్తుందని తేలితే మీ ముందు మూడు దారులుంటాయి. మొదటిది, రూట్ కెనాల్ పూర్తి చేయించి వెంటనే క్యాప్ వేయించడం. ఇది అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా నమ్మకమైనది. రూట్ కెనాల్ అయిన పళ్లను వెనక్కి తిరిగి పరిశీలించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. క్యాప్ వేసిన వాటికన్నా వేయని పళ్లు ఆరు రెట్లు వేగంగా పోయాయని అందులో తేలింది. పళ్లు పోవడానికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఆ అంకెను అక్షరాలా పట్టుకోనక్కరలేదు, అయినా దవడ పళ్ల విషయంలో దంతవైద్యులు క్యాప్ కోసం ఎందుకు పట్టుబడతారో దాన్నిబట్టి తెలుస్తుంది. రెండో దారి, రూట్ కెనాల్ ఇప్పుడే పూర్తి చేయించి, పంటి మొనలను కూడా కప్పేలా గట్టి శాశ్వత ఫిల్లింగ్ పెట్టించుకుని, క్యాప్‌ను కొన్ని నెలల తర్వాతకు వాయిదా వేయడం. ఈలోగా ఆ వైపు గట్టి పదార్థాలు కొరకకూడదు. విరిగే ప్రమాదం కొంత ఉంటుంది, దాన్ని తెలిసి ఒప్పుకోవాలి. ఈ మధ్యేమార్గాన్ని కొందరు డాక్టర్లు తామై చెప్పకపోవచ్చు, మీరే అడగండి. క్యాప్ విషయంలో ఇంకో మాట కూడా అడగండి. వెనక పన్నుకు పంటి రంగు పింగాణీ తప్పనిసరి కాదు. లోహపు క్యాప్ సాధారణంగా చౌకగా వస్తుంది, దానికోసం పన్నును తక్కువగా అరగదీస్తే సరిపోతుంది, నమలడంలో లోటుండదు. "ఎవరికీ కనపడదు" అన్న మీ మాట ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

మూడో దారి పీకించుకోవడం. ఇది పాపం కాదు. మొత్తం మీద ఇరవై సొంత పళ్లు సరిగ్గా మిగిలి ఉంటే మనిషి నమలడానికీ మాట్లాడడానికీ పెద్ద ఇబ్బంది పడరని దంతవైద్యంలో చాలాకాలంగా ఒక అవగాహన ఉంది. పీకించిన పన్ను స్థానంలో ఏమీ పెట్టించుకోకుండా జీవితాంతం హాయిగా ఉన్నవాళ్లున్నారు. అయితే మీరు చెబుతున్నది వెనకెక్కడో ఉన్న చివరి పన్ను కాదు, నమలడంలో ఎక్కువ భారం మోసే మొదటి దవడ పన్ను. అది పోతే వెనకది ఖాళీలోకి ఒరగవచ్చు, పైది కిందికి దిగవచ్చు. తర్వాత ఎప్పుడో పరిస్థితి బాగుపడి ఆ ఖాళీని నింపుకోవాలనుకుంటే బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో నిలిపే కట్టుడు పన్ను) కోసం పక్కనున్న ఆరోగ్యమైన పళ్లను అరగదీయాలి, లేదా ఇంప్లాంట్ (దవడ ఎముకలో మర నాటి దాని మీద బిగించే పన్ను) వేయించుకోవాలి. వీటి ఖర్చు, మీరు ఈరోజు తప్పించుకుంటున్న క్యాప్ ఖర్చును సాధారణంగా దాటిపోతుంది. ఆ ఖాళీని ఎప్పటికీ నింపను అని మనస్ఫూర్తిగా అనుకోగలిగితే పీకించుకోవడం నిజంగా చౌక. ఏదో ఒకరోజు నింపుతాను అనుకుంటే, మీరు చేస్తున్నది పొదుపు కాదు, వాయిదా వేసిన పెద్ద ఖర్చు. ఈ తేడా మీరొక్కరే తేల్చుకోగలరు.

ఏమీ చేయకుండా మాత్రలతో నెట్టుకురావడం నాలుగో దారి. ప్రస్తుతం మీరున్నది దానిలోనే, అందుకే దాన్ని పై లెక్కలో చేర్చలేదు. రోజూ వేసుకునే నొప్పి మాత్రలు రకాన్ని బట్టి కడుపునో, కిడ్నీనో, కాలేయాన్నో దెబ్బతీయగలవు. పాత చీటీ చూపించి యాంటీబయాటిక్ కొనుక్కోవడం కూడా పరిష్కారం కాదు. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు ఇలాంటి పంటి నొప్పుల్లో చాలావాటికి యాంటీబయాటిక్ వద్దని, పంటికే చికిత్స చేయాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకం ఇచ్చింది. జ్వరం, వాపు ఉంటే సంగతి వేరు.

ఇక పాప క్లిప్పులు. మీకు కష్టంగా ఉండవచ్చు కానీ, ఈ ఇంట్లో ఆగగలిగిన ఖర్చుల్లో ఇది ముందుంటుందని నా అభిప్రాయం. పళ్లు వరుస తప్పడం మాత్రమే సమస్య అయితే ఏడాది, రెండేళ్లు ఆగినా చికిత్స సాధ్యమే. పెద్దవాళ్లు కూడా క్లిప్పులు వేయించుకుంటున్నారు. ఆగకూడని సందర్భాలూ కొన్ని ఉన్నాయి. పైదవడ, కిందిదవడ పెరుగుదలలో తేడాను ఎదిగే వయసులోనే సరిదిద్దాల్సి రావడం, కోరపన్ను ఎముకలో తప్పు దిశలో ఇరుక్కుని పక్క పంటి వేరును తినేసే అవకాశం ఉండడం, నోరు మూసినప్పుడు దవడ ఒక పక్కకు జరగడం అలాంటివి. "ఏడాది ఆగితే చికిత్సలో ఏం నష్టపోతాం, ఖర్చులో ఏం పెరుగుతుంది?" అని క్లిప్పులు వేసే డాక్టరును సూటిగా అడగండి. "ఏమీ పెద్దగా ఉండదు" అన్న జవాబు వస్తే నిశ్చింతగా వాయిదా వేయండి. ఒక్క జాగ్రత్త చెబుతాను. మొదలుపెట్టి మధ్యలో డబ్బు లేక ఆపేయడం, అసలు మొదలుపెట్టకపోవడం కన్నా నష్టం. తీగలు నోట్లో ఉండి పర్యవేక్షణ లేకపోతే పళ్లు అనుకోని చోటికి కదులుతాయి, బ్రాకెట్ల చుట్టూ పుచ్చులు మొదలవుతాయి. రెండేళ్లపాటు నెలనెలా కట్టగలమన్న ధీమా లేని ఇంట్లో ఈ చికిత్స మొదలుపెట్టకపోవడమే పాపకు మేలు.

మీ భర్త ముందు పన్ను విషయంలో మీతో ఏకీభవించలేను. అంచు విరిగిన ముందు పన్నును పంటి రంగు ఫిల్లింగుతో ఒక్క విడతలో సరిచేయవచ్చు, దానికి క్యాప్ దాకా వెళ్లనక్కరలేదు. ఉద్యోగం కోసం నలుగురి ముందు కూర్చునే మనిషికి నోరు తెరిచి మాట్లాడే ధైర్యం కూడా ఒక పెట్టుబడే. (పళ్లు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలిపే ప్రాంతాల్లో పెరిగినవాళ్ల సంపాదనను పోల్చిన ఒక పరిశోధన 2010లో అమెరికాలో వెలువడింది. అక్కడ పెరిగిన ఆడవాళ్ల సంపాదన సుమారు 4 శాతం ఎక్కువగా ఉందనీ, మగవాళ్లలో అలాంటి తేడా కనపడలేదనీ అందులో తేలింది. ఆయన ఆ పరిశోధనను తన పక్షాన ఉదహరించలేరు లెండి.) అయితే ఆ పన్ను ఎందుకు విరిగిందన్నది ఇంకా ముఖ్యం. కొవిడ్ కాలంలో, 2021లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దంతవైద్యులను అడిగితే, పళ్లు కొరికే, బిగించే రోగులు పెరిగారని 70 శాతానికి పైగా చెప్పారు. ఆందోళన పళ్ల మీద ఇలా బయటపడుతుంది. ఫిల్లింగ్ పెట్టించుకున్నాక కూడా ఆయన రాత్రుళ్లు కొరుకుతూనే ఉంటే అది మళ్లీ విరుగుతుంది. అప్పుడు రాత్రిపూట పళ్ల మీద తొడుగులా పెట్టుకునే గార్డు గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఉదయం లేవగానే దవడ పట్టేసినట్లుంటే మీరూ కొరుకుతున్నారేమో చూసుకోండి. బలహీనపడిన మీ పన్నుకు అది పెద్ద ముప్పు.

అత్తగారికి కొత్త సెట్టు అవసరం ఉండకపోవచ్చు. కాలక్రమంలో కింది దవడ ఎముక తరిగి సెట్టు వదులవుతుంది. పాత సెట్టు లోపలివైపు పొర వేసి మళ్లీ అతికేలా చేసే పద్ధతి ఉంది, అది తక్కువలో అవుతుంది. సెట్టు రాసుకుని నోట్లో పుండు పడి, రెండు వారాలైనా మానకపోతే మాత్రం డబ్బు లెక్క చూడకుండా చూపించండి.

చెకప్పులు మానేయాలనుకుంటున్నందుకు మీరు అపరాధ భావం పడుతున్నట్లు రాశారు. ఆ బరువు కొంత దించుకోవచ్చు. ఆరునెలలన్నది అందరికీ వర్తించే నియమం కాదు. పెద్దవాళ్లకు పంటి పరీక్షల మధ్య వ్యవధిని మనిషి ప్రమాద స్థాయిని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు నిర్ణయించవచ్చని ఇంగ్లండ్‌లో చికిత్సా ప్రమాణాలు రూపొందించే నైస్ సంస్థ 2004లోనే చెప్పింది. బ్రిటన్‌లో రెండు వేల మందికి పైగా పెద్దలను నాలుగేళ్లపాటు గమనించిన మరో పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరునెలలకోసారి వచ్చినవాళ్లకూ, ప్రమాదాన్ని బట్టి వ్యవధి పెట్టినవాళ్లకూ చిగుళ్ల ఆరోగ్యంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాబట్టి పుచ్చులు, చిగుళ్ల జబ్బు లేనివాళ్ల పరీక్షను ఏడాదికి ఒకసారికి జరిపినా కొంపలు మునగవు. పళ్లు తెల్లబరిచే చికిత్సలు, ఇబ్బంది పెట్టని పాత వెండిరంగు ఫిల్లింగులను మార్చడం లాంటివి ఈ రోజుల్లో పూర్తిగా పక్కన పెట్టండి. పొగతాగేవారికి, మధుమేహం ఉన్నవారికి, చిగుళ్ల నుంచి రక్తం కారేవారికి మాత్రం ఈ సడలింపు వర్తించదు. ఇంట్లో అందరూ ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవడం ఆపకూడదు. గొట్టం మీద ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం అని ఉంటే చాలు. అది ఖరీదైనదా, చౌకదా అన్నది ముఖ్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

అప్పు గురించి అడిగారు. అన్ని చికిత్సలనూ ఒకే ఈఎంఐలో కలపాలన్న మీవారి ఆలోచనలో ఉన్న లోపం, ఆగగలిగినవాటికి కూడా ఈరోజే వడ్డీ మొదలవడం. అలాగని చిల్లిగవ్వ అప్పు చేయనన్న మీ పట్టుదలా సరైనది కాదు. చేతిలో లేకపోతే, మీ రూట్ కెనాల్ పూర్తి చేయడానికి సరిపడే చిన్న మొత్తానికి అప్పు చేయడంలో అర్థముంది, ఎందుకంటే ఆ పని ఆగితే పెరిగేది వడ్డీ కన్నా ఎక్కువ. క్లిప్పుల కోసం ఇప్పుడు అప్పు వద్దంటాను. వడ్డీ లేని వాయిదాలు అని ఎవరైనా చెబితే ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ఒక వాయిదా తప్పితే ఏమవుతుంది, చికిత్స మధ్యలో ఆగితే మిగిలిన డబ్బు ఎవరికి చేరుతుంది అన్నవి కాగితం మీద చూపించమనండి. ముందే మొత్తం చెల్లించడం కన్నా, విడతకు ఇంత అని అయిన పనికి చెల్లించే ఏర్పాటు మీకు క్షేమం. దంతవైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు. ఫీజు బాగా తక్కువ, సమయం బాగా ఎక్కువ పడుతుంది. ప్రస్తుతం మీ భర్తకు సమయం ఉంది, మీకు లేదు. ఆయన పనీ, అత్తగారి పనీ అక్కడ చేయించవచ్చు. మందగమనంలో క్లినిక్కుల్లోనూ కుర్చీలు ఖాళీగా ఉంటాయి. దానివల్ల కొందరు డాక్టర్లు ఫీజు తగ్గిస్తారు, వాయిదాలకు ఒప్పుకుంటారు; వచ్చిన ఒక్క రోగికే నాలుగు పనులు చెప్పే ప్రలోభమూ అప్పుడే ఉంటుంది. పెద్ద అంచనా ఇస్తే ఎక్స్‌రే తీసుకుని ఇంకొకరి అభిప్రాయం అడగడం అవమానమేమీ కాదు. మీ పాత డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లడం లేదని రాశారు. మధ్యలో ఆగిపోయినవాళ్లను ఆయన చాలామందినే చూసి ఉంటారు. "ఇప్పుడు నా దగ్గర ఇంతే ఉంది, దీనితో ముందు ఏది చేయాలి?" అని అడిగితే సరిపోతుంది.

ఇంట్లో చెప్పాలా అన్నది మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే ఉంది. మీ నొప్పి సంగతి తెలియకుండా మీ భర్త వేసే ఏ లెక్కా సరైనది కాదు. ఆయన తన పన్ను కోసం పట్టుబట్టడం మీకు స్వార్థంగా కనిపించడానికి సగం కారణం మీరు దాచిన విషయమే. చెబితే ఆయన తన ఉద్యోగం పోవడం వల్లే ఇలా అయిందని కుంగిపోతారేమోనని మీ భయం. అది జరగవచ్చు. చెప్పకపోతే ఒకరోజు పన్ను పీకించుకుని వచ్చాక తెలుస్తుంది, అప్పుడు ఆ కుంగుబాటుకు కోపం కూడా తోడవుతుంది. పాపకు పూర్తి లెక్కలు అక్కరలేదు, "రద్దు కాలేదు, వచ్చే ఏడాది ఈ సమయానికి మళ్లీ చూస్తాం" అని చెప్పండి. మీ పన్నుకూ ఆమె క్లిప్పులకూ ముడిపెట్టి మాత్రం ఎప్పుడూ చెప్పకండి. తన పళ్ల కోసం అమ్మ పన్ను పోగొట్టుకుందన్న ఆలోచన ఆ వయసు పిల్లకు చాలా బరువు.

ఈ వారంలోనే పరీక్షకు సమయం తీసుకోండి. ఈలోగా బుగ్గ గానీ దవడ కింద గానీ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అది వాయిదా వేసే విషయం కాదు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి, ఖర్చు సంగతి తర్వాత చూసుకోవచ్చు.